తవిటయ్య టేపులు

గంటస్తంభం దగ్గర నా కొట్లో
జెరాక్సు మిషను పక్కన
పాత కేసెట్లు పెన్‌డ్రైవులోకి దించుతాను. గంటకి ఎనభై రూపాయలు.
మైకుసెట్టు తవిటయ్య ఒక మధ్యాహ్నం
అరటిపళ్ల అట్టపెట్టెలో నలభై ఒక్క టేపులు మోసుకొచ్చి
బల్ల మీద దించి, కుడిచెవి నా వైపు తిప్పాడు.
ఎడమచెవి ఎప్పుడో బాకాలకి ఇచ్చేశాడు.

మొదటిది సంగీత కళాశాలలో ఫిడేలు కచేరీ.
ఆంప్లిఫయరు వెనకనుంచి నేరుగా వైరు లాగాడట.
కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులా ఉంది.
కమాను మొన, వేలి జారు, అన్నీ ఉన్నాయి.
ఊరు లేదు.
మరువాడ సోమయాజులు గారు ఎవరూ లేని గదిలో
గోడకి వినిపిస్తున్నట్టు.
ఆఖర్న చప్పట్లు కూడా పక్కవీధిలో వానలాగ ఎక్కడో.
"ఇది బాగుంది" అన్నాను.
"బాగుంటాది. మనుషుల్లేరు గదా" అన్నాడు.

రెండోది నెల్లిమర్ల అవతల జముకుల కథ.
మైకు పందిరి రాటకి కట్టాడు.
జముకు గట్టిగా పలికినప్పుడల్లా టేపు చిరిగినంత పని.
సూది ఎర్రగీత దాటిన చోట
కథ చెప్పే అచ్చియ్యమ్మ గొంతు
బురదలోంచి చెప్పు లాగినట్టు వస్తుంది.
చంటిదాని ఏడుపు, వేరుశెనక్కాయల పొట్లం, జనరేటరు,
వీటన్నిటి మీదుగా జూటుమిల్లు కూత.
అచ్చియ్యమ్మ కథ ఆపి
"అదిగో, రాచ్చసుడు కూడా ఊఁ కొట్టేడు" అంది.
పందిరంతా నవ్వింది.
ఆ నవ్వు మాత్రం ఎక్కడా చెడకుండా రికార్డయింది.

నాకొచ్చిన విద్య చూపిద్దామని
ఇంకో టేపుకి, నవమి పందిట్లో పాట కచేరీకి,
కంప్యూటర్లో హోరు తీసే మీట నొక్కాను.
జనరేటరు పోయింది. ఫ్యాను పోయింది.
గాయకుడి వెనక తంబురా కూడా పోయింది.
ఆగకుండా మోగేదంతా దానికి చప్పుడే,
శ్రుతికీ హోరుకీ తేడా దానికెవరు చెప్పారు?
ఆ గొంతు ఒక్కతే
మెట్లు కూలిన మేడ మీద నిలబడి కిందికి చూస్తోంది.
తవిటయ్య ఒక్క చెవితోనే పట్టేశాడు.
"ఒగ్గీ బాబూ. ఉన్నదున్నట్టు ఒగ్గీ.
ఆ దగ్గు కూడా తియ్యకు. అది నాదే."

అట్టడుగున ఒక కేసెట్టు. పేరు లేదు.
పెన్సిలుతో "కరెంటు" అని రాసుంది.
చీపురుపల్లి జాతర. పాడినావిడ పేరు అతనికీ గుర్తు లేదు.
పాట సగంలో కరెంటు పోయింది.
బాకాలు ఒక్క గుటక మింగి ఊరుకున్నాయి.
టేపురికార్డరు మాత్రం సెల్లుల మీద తిరుగుతోంది.
ఒక ఈల. ఒక బూతుమాట.
ఆ వెనక, చాలా దూరంగా,
నూతికి అవతల నిలబడి పలికినంత చిన్నగా
మైకు లేని గొంతు. ఆవిడ ఆపలేదు.

అప్పుడు వినబడుతుంది చూడండి,
చాపలు ఈడ్చుకుంటూ జనం ముందుకి జరగడం.
గాజులు, మోకాళ్లు, "ఉస్సు", "కూకోండర్రా".
తర్వాత ఏమీ లేదు.
అంతమంది ఊపిరి బిగబట్టడం
టేపు హోరులాగే ఉంటుంది. టేపు హోరు కాదు.

పోనుపోను ఆవిడ శ్రుతి పెరుగుతోంది.
"పూనకమా?" అన్నాను.
తవిటయ్య పళ్లు లేని నవ్వు నవ్వాడు.
"సెల్లులు నీరసించీసేయి బాబూ.
ఆయేళ టేపు నెమ్మదిగా తిరిగింది.
ఇప్పుడు నీ మిషను జోరుగా తిప్పుతంటే
ఆవిడ పైకెక్కిపోతంది."

సరిచెయ్యడం నాకొచ్చు. రెండు నిమిషాల పని.
మీట మీద వేలు పెట్టాను.
అతని కుడిచెవి స్పీకరుకి ఆనుకుని ఉంది.
వేలు తీసేశాను.

టక్కుమని టేపు అయిపోయేదాకా
ఆధార్ కార్డు జెరాక్సుకొచ్చిన కుర్రాణ్ణి
ఇద్దరం కలిసి గుమ్మంలోనే నిలబెట్టేశాం.